ఆరు నుంచి ఎనిమిది వారాలు

అమెరికాలో ఒకప్పుడు కంప్యూటర్ సామాను కొనేవాడికి దాదాపు ప్రతి వస్తువుకీ రెండు ధరలుండేవి. పత్రికలో పెద్ద అక్షరాల్లో వేసేది ఒకటి, కౌంటర్ దగ్గర కట్టేది ఒకటి. రెంటికీ మధ్య ఉన్న తేడా పేరు మెయిల్-ఇన్ రిబేట్. ఆ డబ్బు మీదే, ఎవరూ కాదనరు. కాకపోతే ప్రస్తుతానికి అమ్మినవాళ్ళ దగ్గరుంది. అట్టపెట్టె కోసి, రసీదు జతచేసి, ఫారం నింపి పోస్టులో వేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చెక్కు వస్తుంది. అన్ని వారాలు ఎందుకండీ అంటే జవాబు చెప్పే నాథుడు లేడు. ఓ మనిషి నలభై డాలర్ల సంగతి శుభ్రంగా మర్చిపోవడానికి సుమారు అంత వ్యవధి పడుతుందని ఎవరో కూర్చుని లెక్కగట్టి ఉంటారు.

శుక్రవారం పూట ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదని మన పెద్దవాళ్ళ నియమం. సిలికాన్ వ్యాలీలో మాత్రం లక్ష్మి గడప దాటేదే శుక్రవారం. ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ అనే దుకాణాల వాళ్ళ ప్రకటన శాన్ హోజే మెర్క్యురీ న్యూస్‌లో ఆ రోజే పేజీలకు పేజీలు వచ్చేది. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో సన్నీవేల్, శాంటా క్లారా, ఫ్రీమాంట్ అపార్ట్‌మెంట్లలో ఉండే మన కుర్రాళ్ళు ఆ పేపర్లో ఇంకో పేజీ తిప్పేవాళ్ళు కాదు. యాభై ఖాళీ సీడీల డబ్బా ఉచితం. నెట్‌వర్క్ కార్డు ఉచితం. మౌసు ఉచితం. ఉచితం అనే మాట అంగుళం ఎత్తున, "రిబేట్ తర్వాత" అనే మాట చీమ తలకాయంత.

ఓ ఉదాహరణ వేసుకుని లెక్క చూద్దాం. హార్డ్ డిస్క్ 49.99 డాలర్లు అని ప్రకటన. షాపులో దాని ధర 119.99. తయారీ కంపెనీ ఇచ్చే రిబేట్ 40, షాపు ఇచ్చేది 30. ఆ రోజుల్లో శాంటా క్లారా కౌంటీలో అమ్మకం పన్ను 8.25 శాతం. సర్కారువారు పన్ను వేసేది 49.99 మీద అనుకుంటున్నారేమో, 119.99 మీద. అంటే రేపెప్పుడో వెనక్కి వస్తుందంటున్న డెబ్భై డాలర్లకు కూడా ఇవాళే పన్ను కట్టాలి. కార్డు గీకేసరికి 129.89. రిబేట్లు రెండు కాబట్టి కవర్లు రెండు, 37 సెంట్ల స్టాంపులు రెండు, పైన జిరాక్సులు. కవర్లు ఆఫీసువి, ఆ ప్రస్తావన ఇక్కడితో వదిలేద్దాం.

ఇక షరతులు. పెట్టె మీది బార్‌కోడ్ అసలుదే పంపాలి, నకలు చెల్లదు. రసీదులో వస్తువు పేరుకీ ధరకీ తేదీకీ సున్నా చుట్టాలి. ఫారంలో సీరియల్ నంబరు రాయాలి. ఆ నంబరు డిస్కు ఒంటి మీద ఉంటుంది, డిస్కేమో ఈపాటికి కంప్యూటర్ కడుపులో బిగించేసి ఉంటుంది, నాలుగు మరలూ విప్పండి మళ్ళీ. కొన్న పద్నాలుగు రోజుల్లోగా పోస్టు ముద్ర పడాలి. పోస్ట్ బాక్స్ చిరునామా పనికిరాదు. ఇంటికి ఒకటే. దారిలో పోయిన కవర్లకు మా పూచీ లేదు. వచ్చిన కాగితాలు మా సొత్తు, తిరిగివ్వం. చెక్కు తొంభై రోజుల్లో మార్చుకోకపోతే అదీ చెల్లదు.

వీటిల్లో అసలైన చమత్కారం బార్‌కోడ్ దగ్గరుంది. తయారీ కంపెనీకి అసలు బార్‌కోడ్ కావాలి. షాపుకీ అసలు బార్‌కోడే కావాలి. పెట్టెకి ఉన్నది ఒక్కటి. రెండు ఫారాలనీ పక్కపక్కన పెట్టుకుని చివరి వాక్యందాకా చదివినవాడికి, ఇద్దరిలో ఒకరు నకలుతో సరిపెట్టుకుంటారని ఎక్కడో అడుగున దొరుకుతుంది. చదవనివాడు అసలుదాన్ని తప్పు చిరునామాకి పంపి రెండూ పోగొట్టుకుంటాడు. అదీగాక, బార్‌కోడ్ కోసిన పెట్టెను షాపు వెనక్కి తీసుకోదు. పదోరోజున కోసి పంపారు, పదహారో రోజున డిస్కు కటకటమని కన్నుమూసింది. ఇప్పుడు వెనక్కివ్వడానికి లేదు. పాడవుతుందేమో చూద్దామని కొయ్యకుండా ఆగారు, గడువు దాటింది, డిస్కు నిక్షేపంలా ఉంది. వస్తువు బాగుండాలని కోరుకోవాలో పాడైపోవాలని కోరుకోవాలో తెలియని స్థితికి కొనుగోలుదారుణ్ణి తీసుకొచ్చిన ఘనత ప్రపంచ వాణిజ్య చరిత్రలో రిబేట్‌దే.

సాఫ్ట్‌వేర్ రిబేట్లది ఇంకో దారి. కొత్త యాంటీవైరస్‌కి రిబేట్ కావాలంటే పాత వెర్షన్ మీ దగ్గరున్నట్టు రుజువు చూపాలి, పాత మాన్యువల్ మొదటి పేజీ పంపాలి. మనవాళ్ళ దగ్గర పాత వెర్షన్ ఉంది. మాన్యువల్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ వెర్షన్ సికింద్రాబాద్‌లో యాభై రూపాయల సీడీలో ఇంకో పాతిక సాఫ్ట్‌వేర్లతో కలిసి వచ్చింది.

ఈ షరతులు రాసినవాళ్ళ మనసులో ఉన్నది సగటు అమెరికన్. శనివారం చేపలు పట్టడానికి పోయేవాడు, ఇంట్లో కత్తెర ఎక్కడుందో ఎరగనివాడు, ఒక్క జిరాక్సు కోసం కారు తియ్యడానికి బద్ధకించేవాడు. అతని బద్ధకం మీద పందెం కాసి రిబేట్లు ప్రకటించారు. ఆ పందెంలో తెలుగువాణ్ణి ఎవరూ లెక్కేసుకోలేదు.

తెలుగువాడు ఆదాయ ధ్రువపత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి, అయ్యగారు క్యాంపుకెళ్ళారని విని, మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఫారం మారిందని తెలుసుకుని పెరిగినవాడు. పదో తరగతి మార్కుల జాబితాకి మూడేసి నకళ్ళు తీయించి, గెజిటెడ్ ఆఫీసరు పచ్చసిరా సంతకం కోసం పశువుల డాక్టరుగారి ఇంటి అరుగు మీద పొద్దుటినుంచీ కూర్చున్నవాడు. ఎంసెట్ కౌన్సెలింగ్‌కి ఒరిజినల్స్ సంచీని రైల్లో తల కింద పెట్టుకుని పడుకున్నవాడు. అప్పటికి హైదరాబాద్‌లో కాన్సులేట్ లేదు కనుక చెన్నై దాకా పోయి, అడిగినవీ అడగనివీ అన్ని కాగితాలూ కిటికీలోంచి తోసి వీసా తెచ్చుకున్నవాడు. అలాంటివాడి చేతికి ఓ ఫారం ఇచ్చి, అట్టముక్క కోసి జతచెయ్యి, తేదీకి సున్నా చుట్టు అంటే వాడికి అది పని కింద లెక్కే కాదు. పైగా ఇక్కడ సంతకం పెట్టేందుకు ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు.

మా బావగారు ఆ తరంలో ఆరితేరినవాడు. ఆయన దగ్గర రిబేట్ల ఫైలుండేది. నెలకో అర, అరకో చీటీ, చీటీ మీద పంపిన తేదీ, రావలసిన తేదీ, వచ్చిన తేదీ. పోస్టులో వేసే ముందు కవరు లోపలివన్నీ జిరాక్స్ తీసి పెట్టుకునేవాడు, బార్‌కోడ్ ముక్కతో సహా. "ఏమయ్యా, ఉత్త స్టాంపు అంటించి డబ్బాలో వేశావా? రేపు మాకు అందలేదంటే ఏం చూపిస్తావు?" అని నన్ను కేకలేసేవాడు. ఇంట్లో అక్క గోల వేరు. బియ్యం బస్తా పెట్టుకోడానికి చోటు లేదు గానీ అలమర నిండా ఖాళీ సీడీ డబ్బాలు.

"ఏమండీ, ఇన్ని సీడీల్లో ఏం ఎక్కిస్తారు?"

"ఎక్కించడానికా? ఉచితమే!"

అంతటివాణ్ణి కూడా ఒక షరతు దెబ్బతీసింది. ఇంటికి ఒకటే.

ఇల్లంటే ఏమిటి అన్నది ఉపనిషత్తుల స్థాయి ప్రశ్న. పెద్ద కాంప్లెక్స్, వందల వాటాలు, అన్నిటికీ వీధి నంబరు ఒకటే, వాటాకి మాత్రం వేరే నంబరు. ఫారంలో వాటా నంబరు రాసే గడి ఉండదు. ఉంటే, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేవాడు వదిలేస్తాడు. కాబట్టి మొదటి వాటాలో ఎవరో ఓ పుణ్యాత్ముడు సోమవారం నాడు రిబేట్ పంపితే ఆ కాంప్లెక్స్ మొత్తానికి కోటా అయిపోయినట్టే. ఇక మన కుర్రాళ్ళు ఒక్కో వాటాలో నలుగురు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, అసలు పేరు ఇంకో చోట పడి, పేరు మొదటి ముక్క దగ్గరే కంప్యూటర్ ఆగిపోతుంది కనక నలుగురిలో ముగ్గురు వెంకటలే. ఒకే చిరునామా నుంచి వెంకట మూడుసార్లు అడిగాడని కంప్యూటర్ పసిగడుతుంది. "మీ దరఖాస్తు ఇదివరకే పరిష్కరించబడింది" అని ముగ్గురికీ కార్డులొస్తాయి. ఎవరి దరఖాస్తు పరిష్కారమైందో ఆ వెంకటేశ్వరస్వామికే తెలియాలి.

ఇది మన గోడే అనుకునేరు, కాదు. ఈ వాటాల గొడవ న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ దాకా పోయింది. అపార్ట్‌మెంట్లలో ఉన్న పాపానికి రిబేట్ అందని నాలుగు వేల మంది పైచిలుకు జనానికి మొత్తం 2 లక్షల డాలర్లు చెల్లించేందుకు 2004లో శాంసంగ్ ఒప్పుకుంది. ఒక భవనంలో ఒకటి కంటే ఎక్కువ కుటుంబాలు ఉంటాయని ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీకి అర్థం కావడానికి ప్రభుత్వ న్యాయవాది కావలసివచ్చాడు.

కార్డు వచ్చాక ఫోన్ చెయ్యాలి. ఫోన్‌లో అమ్మాయి మర్యాదగా మాట్లాడుతుంది, అదే బాధ.

"సర్, మీ బార్‌కోడ్ అందలేదు."

"అందకపోతే నా సీరియల్ నంబరు మీకెలా తెలిసింది? రెండూ ఒకే కవర్లో పెట్టాను కదమ్మా."

"అవును సర్. అసలు బార్‌కోడ్ మళ్ళీ పంపగలరా?"

అసలుది మళ్ళీ పంపాలంటే ఇంకో డిస్కు కొనాలి. బావగారు జిరాక్స్ ఉందన్నాడు. జిరాక్స్ చెల్లదంది. అసలుది మీకు పంపితేనే కదా నా దగ్గర జిరాక్స్ మిగిలింది అన్నాడు. ఆవిడ ఆలోచించి, పై అధికారితో మాట్లాడి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చెబుతానంది. ఈ సంభాషణకి మన తాలూకా ఆఫీసు భాష అచ్చంగా సరిపోతుంది. తేడా ఒక్కటే, అక్కడ బంట్రోతుకి టీ డబ్బులిస్తే ఫైలు కదులుతుంది, ఇక్కడ ఇద్దామన్నా పుచ్చుకునేవాడి మొహం కనబడదు.

ఇదంతా చేతకానితనం వల్ల జరుగుతోందని చాలామంది నమ్మకం. నేనలా అనుకోను. ఈ వ్యాపారంలో తిరిగి అడగని రిబేట్లకి ఒక పద్దు ఉంది, ఆ పద్దు ఎంత తేలుతుందో ముందే అంచనా వేస్తారు. బిజినెస్ వీక్ పత్రిక 2005లో ఈ సంగతి మీద పెద్ద కథనం వేసింది. అమెరికాలో ఏడాదికి 40 కోట్ల రిబేట్లు, వాటి విలువ 600 కోట్ల డాలర్లు, అందులో 40 శాతం ఎవరికీ చేరవు అని ఆ కథనంలో అంచనా. కొందరు పంపరు, కొందరివి తిప్పికొడతారు. టీవీ కార్యక్రమాల్ని రికార్డు చేసే పెట్టెలు అమ్మే టీవో అనే కంపెనీ, తన కొత్త చందాదారుల్లో దాదాపు సగంమంది వంద డాలర్ల రిబేట్ అడగనే లేదని ఆ ఏడాదే లెక్క చూపింది. ఒక్క మూడు నెలల్లో అలా మిగిలింది 50 లక్షల డాలర్లు.

రిబేట్ కవర్లు పోయే చోట్లు కూడా కొన్నే. మిన్నెసోటా రాష్ట్రంలో యంగ్ అమెరికా అనే చిన్న ఊరుంది, పిన్‌కోడ్ 55555. పిన్‌కోడ్‌లోనే అన్ని అయిదులున్న ఆ ఊళ్ళో అదే పేరుతో ఓ కంపెనీ ఉండేది, దేశం నలుమూలల నుంచీ వచ్చే బార్‌కోడ్లు పుచ్చుకుని చెక్కులు పంపడమే దాని పని. పంపిన చెక్కుల్ని అందరూ మార్చుకోరు. చెక్కు ఓ పల్చటి పోస్టుకార్డు రూపంలో, అచ్చం చెత్తబుట్టలో వేసే ప్రకటనలా వస్తుంది, వచ్చినవాడు బుట్టలోనే వేస్తాడు. అలా మార్చుకోని చెక్కుల డబ్బు 1990ల చివరి ఏళ్ళలో నాలుగు కోట్ల డాలర్లకు పైగా ఆ కంపెనీ దగ్గరే ఉండిపోయిందని ఐయోవా రాష్ట్రం అభియోగం మోపింది. ఇక్కడ ముచ్చటేమిటంటే, కొన్నవాడు తనకే రావాలని కొట్లాడలేదు. అతను మర్చిపోయాడు. ఆ డబ్బు ఎవరిదని పోట్లాడుకున్నది చెక్కు రాసినవాడూ, రాష్ట్ర ఖజానానూ.

ఇప్పుడు బావగారి సీడీల సంగతికి రండి. అవి ఉచితం కావు. వాటి ధర ఎవరో కట్టారు. సీడీల కంపెనీ కట్టలేదు, షాపు కట్టలేదు. అదే శుక్రవారం, అదే డబ్బా కొని, ఫారం ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి మర్చిపోయిన ఎదురింటి ముసలాయన కట్టాడు. కొడుకు పుట్టిన హడావుడిలో గడువు దాటేసిన అమ్మాయి కట్టింది. ఇంగ్లీషులో చీమ తలకాయలు చదవలేని మెక్సికన్ తోటమాలి కట్టాడు. రిబేట్ అంటే తగ్గింపు అని చెబుతారు గానీ, ఓపిక లేనివాడి దగ్గర వసూలు చేసి ఓపికున్నవాడికి పంచే పన్ను అది. మధ్యలో వసూలుదారు కమిషన్ ఉంచుకుంటాడు. మా బావగారికి ఈ మాట చెబితే, "నేనేమైనా వాళ్ళని పంపొద్దన్నానా?" అన్నాడు. నిజమే, అనలేదు.

ఈ సూత్రాన్ని చివరిదాకా లాగి చూద్దామనుకున్నవాళ్ళూ ఉన్నారు. సైబర్‌రిబేట్ డాట్ కామ్ అని 1998లో ఓ దుకాణం పెట్టారు. వస్తువు ధరని బజారు కంటే ఎన్నో రెట్లు పెంచి అమ్మడం, చాలావాటికి మొత్తం డబ్బు రిబేట్‌గా తిరిగిస్తామనడం. రెండు వందలకి దొరికేదాన్ని ఎనిమిది వందలకి అమ్మారనుకోండి, నలుగురిలో ఒక్కడు మర్చిపోతే చాలు, లెక్క సరిపోతుంది. అయితే ఎనిమిది వందల డాలర్లని మనుషులు మర్చిపోరు. ఈ చిన్న సంగతి తెలుసుకోడానికి వాళ్ళకి మూడేళ్ళు పట్టింది. 2001 మే నెలలో దివాలా పిటిషన్ వేశారు, కోట్ల డాలర్ల రిబేట్ల కోసం ఎదురుచూస్తున్న జనం అప్పులవాళ్ళ వరుసలో చివర నిలబడ్డారు. ఆ వరుసలో మన వెంకటలు లేరని నేను ప్రమాణం చెయ్యను.

దివాలా కథ ఇంకొకటి. క్యూపీఎస్ అనే కంపెనీ సీడీ రైటర్లు చేసేది, కాంప్‌యూఎస్ఏ షాపుల్లో అమ్మేవాళ్ళు, రిబేట్ తయారీదారుది. రిబేట్లు నెలల తరబడి ఆలస్యమై, చివరికి కంపెనీయే మూతపడింది. జనం షాపుకి పోతే, అది తయారీదారు బాకీ, మాకేం సంబంధం అన్నారు. రిబేట్లు రావట్లేదని తెలిసి తెలిసీ ఆ ధరతో ప్రకటనలు వేశారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ షాపు మీద పడింది. 2005లో రాజీ కుదిరి ఆ రిబేట్లు కాంప్‌యూఎస్ఏ చెల్లించాల్సివచ్చింది. తర్వాత రెండు మూడేళ్ళకి ఆ షాపులూ చాలావరకు మూతపడ్డాయి.

2007లో శాన్ హోజేలో ఓ చెత్తకుండీలో కవర్లు దొరికాయి. వెయ్యికి పైగా రిబేట్ దరఖాస్తులు, విప్పను కూడా విప్పకుండా పారేసినవి. అట్టముక్క కోసి, సున్నాలు చుట్టి, స్టాంపు అంటించి పంపినవన్నీ అక్కడున్నాయి. అందులో కొన్నిటి మీద తెలుగు పేర్లున్నా ఆశ్చర్యం లేదు. ఆ ఊళ్ళో ఫ్రైస్‌కి పోయేవాళ్ళెవరో అందరికీ తెలిసిందే.

బెస్ట్ బై అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల కంపెనీ ఈ పోస్టు రిబేట్లని రెండేళ్ళలో ఎత్తేస్తానని 2005లోనే ప్రకటించింది, జనం తిట్లు భరించలేక. అలాంటిదే సర్క్యూట్ సిటీ, అది 2009లో పోయింది. ఫ్రైస్ 2021 ఫిబ్రవరిలో ఒక్కసారిగా అన్ని దుకాణాలూ మూసేసింది. రిబేట్ మాత్రం చావలేదు, వేషం మార్చింది. ఇప్పుడు ఫారం కంప్యూటర్లో నింపొచ్చు. చెక్కు బదులు ప్రీపెయిడ్ కార్డు వస్తుంది, దానికీ గడువుంటుంది. ఇరవై డాలర్ల కార్డులో పద్దెనిమిదిన్నర ఖర్చుపెట్టాక మిగిలిన డాలరున్నరకి సరిగ్గా డాలరున్నర వస్తువు ఏ కొట్లోనూ దొరకదు. అలా మిగిలిన కార్డులు ఇళ్ళల్లో సొరుగుల నిండా ఉన్నాయి. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో మెనార్డ్స్ అనే ఇంటిసామాను కొట్టు 11 శాతం రిబేట్ ఇస్తోంది, అదీ వాళ్ళ కొట్లోనే వాడాల్సిన చీటీ రూపంలో. మన దేశంలో క్రెడిట్ కార్డు క్యాష్‌బ్యాక్ తొంభై రోజుల తర్వాత ఖాతాలో పడుతుందని చదివినప్పుడు ఆ అంకె ఎక్కడో విన్నట్టు అనిపిస్తే, మీ జ్ఞాపకశక్తి బాగున్నట్టే.

తగ్గించాలనే ఉంటే కౌంటర్ దగ్గర తగ్గించొచ్చు, దానికి పోస్టాఫీసు ఎందుకు? కనెక్టికట్ రాష్ట్రంలో ఈ ప్రశ్న నిబంధనల్లోకే ఎక్కింది: రిబేట్ పోను మిగిలే ధరని ప్రకటనలో వేసుకుంటే, ఆ రిబేట్ మొత్తాన్ని కొన్నప్పుడే చేతికివ్వాలి. మిగతాచోట్ల కాపురమున్నవాళ్ళు మాత్రం గ్రాఫిక్స్ కార్డు రిబేట్‌తో కొంటే ముందు దాన్ని బిగించి, రెండు మూడు రోజులు గట్టిగా నడిపి చూసి, అప్పుడు కత్తెర తియ్యండి. బార్‌కోడ్‌కీ రసీదుకీ సీరియల్ నంబరుకీ ఫోటోలు తీసిపెట్టుకోండి. వాటా నంబరుకి గడి లేకపోతే వీధి పేరు పక్కనే ఇరికించి రాయండి. పోస్టుకార్డులాంటిది ఏదొచ్చినా రెండు వైపులా చూడకుండా బుట్టలో వెయ్యకండి.